ఊపిరి దాచుకునే విద్య

మేక తోలును చీల్చకుండా ఒలిచి, కాళ్ల దగ్గర బిగించి కట్టి, గాలి ఊదడానికి ఒక గొట్టం, స్వరం పలకడానికి మరొకటి అమర్చితే తిత్తి తయారవుతుంది. వాయించేవాడు నోటితో గాలి నింపి, తిత్తిని చంకలో ఇరికించుకుని మోచేత్తో నొక్కుతుంటాడు. ఊపిరి పీల్చుకోవడానికి అతను నోరు తీసినా తిత్తి పలుకుతూనే ఉంటుంది. పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల మేళంలో పంబ అనే డోలు మోతకు అదిరిపడేవాళ్లే గానీ తిత్తి వంక చూసేవాళ్లు తక్కువ. అయితే గంటల తరబడి సాగే ఆ పాటలోని కిటుకంతా అందులోనే ఉంది. మనిషి ఆగినా పాట ఆగదు, పాట ఆగకూడదని మనిషి అరిగిపోనక్కరలేదు.

కథ కారెంపూడిది. 12వ శతాబ్దం చివర్లో గురజాల నలగామరాజుకూ మాచర్ల మలిదేవరాజుకూ నడుమ, నాగులేటి ఒడ్డున జరిగిన దాయాదుల పోరు. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. చచ్చినవాళ్లు దేవుళ్లయ్యారు. అరవై ఆరుగురు వీరులని లెక్క చెబుతారు. కారెంపూడి వీరుల గుడిలో వాళ్లకు ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం జరుగుతుంది. ఊరూరి నుంచి వీరాచారవంతులు కొణతాలు (వీరుల ఆయుధాలు) పట్టుకుని వస్తారు, వాటికి పూజలు చేస్తారు.

ఆ అయిదు రోజులకూ పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కథ తెలిసినవాళ్లకు ఈ వరస వింతగా తోస్తుంది. కథలో కోడిపోరే ముందు. ఆ పందెంలో ఓడి మలిదేవుడి పక్షం వలస పోవాలి. వలసలో మందపోరు జరిగి పశువుల మందను కాసే లంకన్న ప్రాణం వదలాలి. ఆ తర్వాతే మలిదేవుడి తరఫున అలరాజు రాయబారానికి వెళ్లి విషానికి బలికావాలి. ఉత్సవం ఈ వరసను తిరగేసింది. అయినా ఎవరూ తికమకపడరు, కథ అందరికీ ముందే తెలుసు గనక. ఇది పాడేవాడికి పెద్ద వెసులుబాటు. తర్వాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠతో జనాన్ని కట్టిపడేసే బరువు అతని మీద లేదు. ఏ ఘట్టాన్నయినా ఎత్తుకోవచ్చు, దాని మీద ఎంతసేపైనా నిలవవచ్చు.

ఎలా నిలుస్తాడో చూడాలంటే బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి బొంగరాల ఆట చాలు. యుద్ధం సంగతి కొడుకు చెవిన పడకుండా తల్లి ఐతమ్మ దాచి పెంచింది. ఆటలో బొంగరం ఎగిరి ఒక కోమటి పిల్ల కాలికి తగులుతుంది. దెబ్బ తిన్న పిల్ల, మగతనం చూపించుకోవాలంటే కారెంపూడికి పోయి చూపించమని దెప్పుతుంది. జరిగింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కానీ గాయకుడు తాడు చుట్టడం దగ్గర మొదలుపెట్టి, బొంగరం రంగు, తిరిగిన తీరు, చుట్టూ చేరిన పిల్లలు, వీధి అంటూ పోతే అదే ఒక పూట కథ. జనం కునికిపాట్లు పడుతుంటే తెగ్గొట్టి నేరుగా పిల్ల నోటి మాటకు వచ్చేస్తాడు. కంఠతా పట్టిన పాఠాన్ని అప్పజెప్పేవాడికి ఈ స్వేచ్ఛ ఉండదు.

గుర్రం, కత్తి, కోట, వీరుడి నడక, తల్లి ఏడుపు లాంటి వాటికి అతని దగ్గర తయారుగా ఉన్న మాటల కట్టలుంటాయి. అవి నోటికి వాటంతటవే వస్తాయి. అవి దొర్లుతున్నంతసేపూ మనసు ముందున్న ఘట్టాన్ని అల్లుకుంటుంది. ‘సృజన’ అనగానే ఎవరూ అనని మాట అనడమేనని అనుకుంటాం. ఇక్కడ అందరూ అన్న మాటలే, వాటి కూర్పు మాత్రం ఆ రాత్రికి కొత్తది.

ఈ రహస్యాన్ని ప్రపంచానికి విప్పి చెప్పినవాళ్లు మిల్మన్ పారీ, ఆల్బర్ట్ లార్డ్. 1930లలో యుగోస్లావియా పల్లెల్లో వీరగాథలు రికార్డు చేశారు. 1935లో వాళ్లకు తారసపడిన అవ్దో మెజెదోవిచ్ చదువురానివాడు. అతనికి తెలియని ఒక పాటను మరో గాయకుడి చేత పాడించారు. 2,294 పాదాలు. ఒక్కసారి విని అవ్దో దాన్నే తిరిగి పాడితే 6,313 పాదాలైంది. కథ మారలేదు, పెరిగింది. అదే అవ్దో పన్నెండు వేల పాదాలు దాటిన మరో గాథ ఎత్తుకున్నాడు. అరగంటకోసారి విరామం ఇచ్చినా వారం తిరిగేసరికి గొంతు పూర్తిగా పోయింది. మందు వాడి, ఇంకో వారం ఊరుకుంటే గానీ మిగిలింది పాడలేకపోయాడు. గుస్లె అనే ఒంటి తీగ వాయిద్యాన్ని తనే వాయించుకుంటూ తనే పాడాలి. పక్కన అందుకునేవాడు లేడు.

పల్నాటి మేళంలో ఉన్నాడు. అతనే వంత. కత్తీ డాలూ పట్టి కాళ్లకు గజ్జెలు కట్టిన ప్రధాన కథకుడు మాట విడిచీ విడవగానే వంత దాని కొస అందుకుని సాగదీస్తాడు. ఆ కాస్త వ్యవధిలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి మాట వెతుక్కుంటాడు. పంబ జోరందుకుంటే గొంతుకు ఇంకాస్త సెలవు, అప్పుడు కాలూ కత్తీ కథ చెబుతాయి. పాట ఆపి వచనంలోకి దిగితే గొంతు మరో రకంగా పనిచేస్తుంది, శ్రుతి భారం తగ్గుతుంది. తిత్తి మాత్రం అడుగున స్వరాన్ని నిలబెట్టే ఉంచుతుంది, కాబట్టి ఎంతసేపటికి తిరిగొచ్చినా శ్రుతి వెతుక్కునే పని లేదు. మగవాడు మామూలుగా మాట్లాడినా స్వరతంత్రులు సెకనుకు వందసార్లకు పైగా కంపిస్తాయి. వేలమంది జాతరలో ఎత్తి పాడితే వాటి మీద పడే దెబ్బ చెప్పనక్కర్లేదు. మధ్యమధ్య గొంతుకు విరామం ఇమ్మని ఇప్పుడు డాక్టర్లు టీచర్లకు చెబుతున్నారు. ఈ మేళంలో ఆ విరామం పాట నిర్మాణంలోనే ఉంది. అడిగి తీసుకోనక్కర్లేదు, తీసుకున్నట్టు ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఒంటి చేత్తో అన్నీ లాక్కొచ్చి మూలన పడటాన్ని గొప్పగా చెప్పుకునే మన ఆఫీసుల్లో, ఇళ్లలో ఈ ఏర్పాటు లేదు.

వంత విశ్రాంతి ఇచ్చేవాడే కాదు, రేపటి కథకుడు కూడా. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెగ్గొట్టాలో, జనం ఎప్పుడు కదిలిపోతారో అందుకుంటూ అందుకుంటూనే పట్టుబడుతుంది.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథగా చెప్పి ఊళ్లు ఊపేసినప్పుడు ఆయనకూ ఇరుపక్కలా ఇద్దరున్నారు: ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఆ ఇద్దరూ ప్రశ్న వేస్తేనో పరిహాసమాడితేనో కథకుడికి ఊపిరి ఆడుతుంది, పాత కథలోకి ఆనాటి సంగతులూ వచ్చి చేరతాయి. 1986లో పద్మశ్రీ నాజర్‌కు వచ్చింది. పక్కవాళ్ల పేర్లు ఎందరికి గుర్తు?

పేర్ల విషయంలో ఈ పాటకు జరిగింది న్యాయం కాదు. సాహిత్య చరిత్రలో పల్నాటి వీరచరిత్ర అంటే శ్రీనాథుడి ద్విపదే. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేయించాక పండితుల చర్చంతా దాని చుట్టూనే తిరిగింది. నోటి పాటను నిలబెట్టింది మాత్రం ఎక్కువగా మాల కుటుంబాల గాయకులు. బ్రహ్మనాయుడు కొడుకుగా చేరదీసిన కన్నమదాసు కులంవారు. మందపోరు నాడు చాపకూడు పేరిట కులభేదం లేకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టే ఈ సంప్రదాయంలోనే పాడినవాళ్ల పేర్లు పుస్తకాలకు ఎక్కడానికి చాలాకాలం పట్టింది. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ అలిసెట్టి గాలెయ్య పాడిన కథను రికార్డు చేసి, ఇంగ్లీషులోకి తెచ్చి, 1982లో ఆక్స్‌ఫర్డ్ ద్వారా ప్రచురించారు. మంచి పని. కానీ అచ్చులో మిగిలేది ఒక గాయకుడు ఒకసారి చెప్పిన తీరు. అదే గాయకుడు ఆ ఘట్టాన్నే మరో ఊళ్లో చెబితే ఏది పెరిగేదో, ఏది తగ్గేదో పుస్తకం చూపలేదు.

ఇప్పుడు రికార్డు చేయడం తేలిక, సెల్‌ఫోన్ చాలు. కారెంపూడి వెళ్లేవాళ్లు కథకుడి ముందొక్క మైకు పెట్టి సరిపెట్టకుండా వంతకూ తిత్తికీ విడిగా పెట్టాలి. ఒకే ఘట్టాన్ని రెండు మూడు ఏళ్ల పాటు అదే మేళం చేత చెప్పించుకోవాలి. వంత ఎక్కడ అందుకున్నాడో, కథకుడు ఎంతసేపు ఆగాడో వినబడితేనే, నేర్చుకోవాలనుకునే కుర్రాడికి ఆ రికార్డు పనికొస్తుంది.