చీని చీనాంబరాలు: ఒక మాట, ఒక పద్యం

‘చీని చీనాంబరాలు’ అంటే ఖరీదైన బట్టలని రాసి మన విద్యార్థులు ముందుకు సాగిపోతున్నారు. మాట పుట్టిన దేశం మాటలోనే రెండుసార్లు వినిపిస్తున్నా ఎవరూ ఆగడం లేదు. మహేంద్రమంగళం వంటి ధర్మపురి జిల్లా గ్రామాల్లో, ఇంట తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివేవారికి ఈ లోటు మరీ పెద్దదని మా అభిప్రాయం. ఆ జిల్లాలో మల్బరీ తోటలున్నాయి, ధర్మపురిలో పట్టుగూళ్ల అంగడి ఉంది. పట్టు వారికి తెలుసు. తెలుగులో పట్టుకున్న చరిత్రే వారికి అందలేదు.

శ్రీనాథుడు ‘హరవిలాసా’న్ని అవచి తిప్పయ్యసెట్టికి అంకితమిచ్చాడు. కొండవీటి కుమారగిరిరెడ్డి (1386–1402) వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడాయన. ఆ వంశంవారు ఏ రేవు నుంచి ఏ సరుకు తెచ్చారో చెప్పే సీసంలో సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాల సరసన చీనాంబరాలూ ఉన్నాయి. ఈ పద్యాన్ని వట్టి జాబితాగా తీసిపారేయడం సరికాదు. బట్ట రంగు, పనితనం కవి చెప్పని మాట నిజమే. ఇక్కడ వర్ణ్యవస్తువు బట్ట కాదు, దానిని తెచ్చిన చేయి. కాళిదాసు శాకుంతలం ప్రథమాంకంలో చీనాంశుకం ఎదురుగాలికి రెపరెపలాడే జెండాగుడ్డ. శ్రీనాథుడి దగ్గర అది ఓడ దిగిన మూట. రెండోది తక్కువ కవిత్వమని మేము అనుకోము.

అదే కాలంలో చీనాలో పట్టుకు మరో పని ఉండేది. 1391లో మింగ్ ప్రభుత్వం అధికారుల హోదాను అంగీ రొమ్ముమీది చదరపు పనితనంతో తెలపాలని శాసించింది: పౌరాధికారులకు పక్షులు, సైనికులకు మృగాలు. తరవాతి చింగ్ చక్రవర్తుల అంగీలో తొమ్మిది డ్రాగన్లుంటే, తొమ్మిదోది ముందు మడత కింద దాగి ఉండేది. బట్టను చదివేవారు అక్కడ. కొని కట్టేవారు ఇక్కడ. సముద్రం దాటిన మాటకు హోదా పోయి ధర మాత్రమే మిగిలింది.

నేత సంగతి మరీ ఆసక్తికరం. ‘కెసి’ అనే చీనా పట్టులో పేక అంచు నుంచి అంచుకు పోదు. ప్రతి రంగుకూ ఒక చిన్న నాడె. రంగు మారినచోట నూలు వెనుదిరుగుతుంది, మధ్య సన్నని చీలిక మిగులుతుంది. వెలుతురుకు పట్టి చూస్తే చాలు, ఆ చీలికలు బయటపడతాయి. మన గద్వాల కుప్పడం నేతలోనూ పేక వెనుదిరుగుతుంది గాని, నూలు ఒడలి పేక, పట్టు అంచు పేక ఒకదానినొకటి కొక్కెంలా పెనవేసుకుంటాయి, చీలిక ఉండదు.