పేరు పెట్టి ఒప్పుకునే పాపం

తెలుగు సంఘాల్లో ఎవరిని ప్రార్థన చేయమన్నా మధ్యలో ఒక మాట దొర్లుతుంది: "తెలిసీ తెలియక చేసిన పాపాలు క్షమించు ప్రభువా." వినడానికి వినయంగానే ఉంటుంది గానీ అందులో ఏ పాపమూ కనబడదు. నిన్న తూకంలో కొట్టేసిన వంద గ్రాములు గానీ, తమ్ముడి వాటా పొలం కాగితాల్లో చేసిన మాయ గానీ ఆ మాటలోకి రావు.

బైబిల్లో సౌలు, దావీదు ఇద్దరూ "పాపం చేశాను" అన్నవాళ్లే. అన్నీ నాశనం చేయమని దేవుడు చెప్పినా సౌలు రాజు అమాలేకీయుల మందల్లో మంచివాటిని మిగుల్చుకున్నాడు. ప్రవక్త సమూయేలు నిలదీస్తే బలి ఇవ్వడానికేనని బుకాయించాడు, ఆపైన జనానికి భయపడ్డానన్నాడు, చివరికి పెద్దల ముందు తన పరువు నిలపమని బతిమాలాడు. దావీదు చేసింది ఇంకా ఘోరం. బత్షెబను తెచ్చుకుని, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో పెట్టించి చంపించాడు. ప్రవక్త నాతాను వచ్చి, పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెబితే దావీదు మండిపడి, వాడు నాలుగింతలు కట్టాలన్నాడు. ఆ మనిషివి నువ్వేనని తేలాక మాత్రం సాకులు వెతకలేదు, ఒక్క ముక్కలో ఒప్పుకున్నాడు.

51వ కీర్తన శీర్షిక ఈ సంఘటననే చెబుతుంది. ఆ ప్రార్థన నడకను గమనించండి. ముందు దేవుని కనికరాన్ని పట్టుకుంటాడు, వెంటనే తప్పు తనదేనంటాడు. హిస్సోపుతో కడగమంటాడు, కుష్ఠు నయమైనవాణ్ణి శుద్ధి చేసేటప్పుడు యాజకుడు వాడే కొమ్మ అది. శుద్ధ హృదయం, పోయిన సంతోషం అడుగుతాడు. సింహాసనం ఊసే లేదు. నాకు ఒక్కచోట ముల్లు గుచ్చుకుంటుంది. నీకే, కేవలం నీకే విరోధంగా చేశానంటాడు. మరి ఊరియా సంగతి? ఏ పాపమైనా చివరికి దేవుని మీదేనని వ్యాఖ్యాతలు సర్దిచెబుతారు. కావచ్చు. ఆ మాట చాటున పొరుగువాణ్ణి దాటేసే భక్తి కూడా మనకు కొత్తేమీ కాదు.

కతోలికులకు ఏడాదికొక్కసారైనా గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేయాలని 1215లో నాలుగో లాటరన్ మహాసభ నియమం పెట్టింది. విన్నది గురువు బయటపెట్టకూడదు. అక్కడికి వెళ్లే ముందు ఆత్మపరిశోధన చేసుకోవాలి. 16వ శతాబ్దంలో కతోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా దానికి రోజువారీ పద్ధతి ఏర్పరచాడు. మొదట కృతజ్ఞత చెప్పాలి. తప్పును చూసే వెలుగు అడగాలి. నిద్రలేచింది మొదలు గంట గంటా నెమరువేసుకోవాలి. ఆ తర్వాతే క్షమాపణ, దిద్దుకుంటానన్న నిశ్చయం. ఒక దుర్గుణాన్ని వదిలించుకోవాలనుకుంటే, అందులో పడ్డ ప్రతిసారికీ గీత మీద ఒక చుక్క పెట్టి, నిన్నటి చుక్కలతో ఇవాళ్టివి పోల్చుకోమన్నాడు. చిల్లర కొట్టు లెక్కలా అనిపిస్తుంది. ఉద్వేగం చల్లారాక కూడా పనిచేస్తుందన్నదే ఆ లెక్క బలం. ఉజ్జీవ సభల్లో ఏడ్చి ఇంటికొచ్చి మర్చిపోయే వాళ్లకు ఇది మంచి మందు.

ఏడుపు కంటే లెక్కకే ధర్మశాస్త్రం కూడా విలువనిచ్చింది. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ప్రకారం ఒకరికి నష్టం చేసినవాడు పాపం ఒప్పుకోవాలి, ఆ నష్టాన్ని ఐదోవంతు కలిపి తిరిగివ్వాలి. సువార్తలోని సుంకరి జక్కయ్య అంతకు మించి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలిస్తానన్నాడు. దావీదు తీర్పులోని లెక్క కూడా అదే. నష్టపోయినవాడు చనిపోయి, తీసుకోవడానికి బంధువులెవరూ లేకపోయినా సంఖ్యాకాండం ఆ బాకీని కొట్టెయ్యదు. ఆ సొమ్ము యాజకుడికి చేరాలంటుంది.