సున్న వేరు, ఖాళీ జాబితా వేరు

పెక్కు ప్రోసెసర్లు గల కంప్యూటరును నడిపే కెర్నెల్‌లో ప్రతి ప్రోసెసరుకు విడిగా కొన్ని జాబితాలు ఉంటాయి. అప్పటికప్పుడు చేయ వీలుకాని పనిని "తరువాత పిలువవలసినది" అని వాటిలో చేర్చుతారు. ఎవరి జాబితా వారికే ఉంటే ఒకరి కోసం ఒకరు ఆగనక్కరలేదు. ఈ ఏర్పాటును మెచ్చుకునేవారు చాలామంది. ఆ జాబితాలను మొట్టమొదట ఎప్పుడు సిద్ధం చేయవలెనన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాదు. మంచిచెడ్డలు తేలేది అక్కడనే.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్ కెర్నెల్‌లో టాస్క్‌లెట్ల జాబితాను చూడండి. దానికి రెండు గడులు. తల గడిలో మొదటి పని చిరునామా ఉంటుంది. తరువాతి పని చిరునామాను ఎక్కడ రాయవలెనో తోక గడి చెబుతుంది. జాబితా ఖాళీగా ఉన్నప్పుడు తల సున్న. తోకలో మాత్రం ఆ తల గడి చిరునామాయే ఉండవలెను. జ్ఞాపకమంతా సున్నలతో నింపితే తల సరిపోతుంది గాని, తోక తప్పు. మొదటి పని చేర్చబోగానే కెర్నెల్ కూలుతుంది.

సరియైన విలువను ప్రోగ్రాములోనే ముందుగా రాసిపెట్టరాదా? జాబితా ఒక్కటే అయితే రాయవచ్చు. ఇక్కడ కెర్నెల్ ఒక మూలప్రతి నుంచి ప్రతి ప్రోసెసరుకూ నకలు తీస్తుంది. ఒక ఇంటి చిరునామా అచ్చువేసిన కార్డులను నాలుగిళ్ళలో పంచితే, ఏ ఇంటి కార్డు చూసినా ఆ మొదటి ఇల్లే కనబడుతుంది గదా! నకళ్ళలోని తోకలన్నీ మూలప్రతి తలనే చూపుతాయి. మొదట చేర్చిన పని ఏ ప్రోసెసరూ వెదకని చోటికి పోతుంది. కెర్నెల్ కూలదు, పనీ జరగదు. కూలడమే నయం, తప్పు తెలిసివస్తుంది.

అందుచేత లినక్స్ ఈ తోకలను సాఫ్ట్‌ఐఆర్‌క్యూ_ఇనిట్ అనే చిన్న ప్రమేయంతో దిద్దుతుంది. అప్పటికి నడుస్తున్నది ఒకే ప్రోసెసరు. బయటి పరికరాల ఇంటరప్టులు ఇంకా అనుమతించబడలేదు. కనుక తాళం అక్కరలేదు. నడుస్తున్న ప్రోసెసర్లకే గాక, రాగల ప్రోసెసర్లన్నిటికీ జాబితాలు సిద్ధం చేయడం మెచ్చదగినది. నడుస్తున్నవాటికే చేసి ఉంటే ఒక్కదానితోనే ఆగేది! అయితే ఈ భద్రత అంతా సమయం మీద ఆధారపడినది. అంతకుముందే ఎవరైనా పని చేర్చబోతే అడ్డుచెప్పే పరీక్ష లేదు. ఇది లోపమే.

మొదటి వాడుకలోనే సిద్ధం చేయడం మరొక పద్ధతి. పొదుపుగా తోస్తుంది గాని, ఇది మరింత బలహీనం. రెండు ప్రోసెసర్లు ఒకేసారి మొదటివి కావచ్చు, తాళం కావలెను. 2024లో వెలువడిన 6.12 నుంచి ప్రధాన లినక్స్‌లో చేరిన రియల్‌టైమ్ ఏర్పాటులో మామూలు స్పిన్ తాళం నిద్రించగలదు. పిలిచినవాడు ఇంటరప్టులను ఆపి ఉంటే అక్కడ నిద్ర నిషిద్ధం. పైగా "సిద్ధం" అన్న గుర్తు జాబితా కంటె ముందుగా ఇతర ప్రోసెసర్ల కంటబడకుండా కట్టడి చేయవలెను. ఇంతాచేసి, పని చేర్చిన ప్రతిసారీ ఆ పరీక్ష తప్పదు.

ఒక ప్రోసెసరు మరొకదానికి పని అప్పగించే జాబితాలో లినక్స్ తోకనే తీసివేసినది. తల ఒక్కటే, సున్న అంటే ఖాళీయే. దిద్దడం మరచినా చెడిపోయేదేమీ లేదు. ఈ మూడింటిలో దీనికే మొదటి స్థానం. కాని చివర చేర్చినది ముందు వస్తుంది గనుక, పనులు చేసేముందు గొలుసును తిరగవేయవలసి ఉంటుంది.