ప్రళయవర్ణనము - నక్షత్రాంతము

వెలిగందల నారయ తెనిగించిన భాగవత ద్వాదశస్కంధమున, ప్రళయ ప్రకరణమందు ఆధునిక ఖగోళశాస్త్రమును దర్శించు విమర్శకులు కొందఱు కలరు. ఈ సామ్యము విచారింపదగినది.

పురాణము ప్రళయమును నైమిత్తిక, ప్రాకృతిక, ఆత్యంతిక, నిత్యములని చతుర్విధముగ విభజించినది. కల్పము బ్రహ్మకొక పగలు. అది 432 కోట్ల సంవత్సరములు. నైమిత్తిక ప్రళయ మాతని రాత్రి. రాత్రి యున్నచోట ఉదయము గలదు.

శాస్త్రము చెప్పు అంతము వేఱు. సూర్యుడు సుమారు 500 కోట్ల ఏండ్లకు అరుణమహాతారగ ఉబ్బి, పిదప శ్వేతకుబ్జమై చల్లారును. అరుణకుబ్జతారలు లక్షల కోట్ల ఏండ్లు వెలుగును. ఆడమ్సు, లాఫ్లినులు 1997లో గణించిన ప్రకారము సుమారు 100 లక్షల కోట్ల ఏండ్లకు అవియు నాఱిపోవును. విశ్వవ్యాకోచము నానాటికి త్వరితమగుచున్నదని 1998లో తేలినది. ఈ గణనలో మరల ఉదయము లేదు.

అంకెలు రెంటను పెద్దవే. అర్థము లొక్కటి కావు. మార్కండేయుడు ప్రళయజలమున వటపత్రశాయిని చూచెను. శాస్త్రము చూపు చీకటికి సాక్షి లేడు. పురాణమును శాస్త్రముగ నిరూపింప బూనువారు దాని గౌరవమును పెంచుటలేదు. ఆ శిశుదర్శనమును, అనగా కావ్యప్రాణమును విడిచి, అంకెను మాత్రము గ్రహించుచున్నారు. పరిశోధక విద్యార్థులు ఈ భేదమును గుర్తించి, రెంటిని వాని వాని స్థానములయందు పఠింపవలెను.