వంశవృక్షాలు - వర్గ దృష్టి

నిరుడు మా కంగ్టిలో ఒక వంశవృక్షం అచ్చుకు సిద్ధమైంది. మా చిన్నాయన పూనుకుని బంధువుల దగ్గర చందాలు పోగుచేసి తరాలవారీగా పేర్లు రాయించాడు. అచ్చుకిచ్చే ముందు నన్ను ఒకసారి చూడమన్నాడు. చెట్టు మొదట్లో ఉన్నది మా తాతకు తాత. ధాత కరువు (1876-78) నాటికి పశువులు కాసే ఈడు పిల్లవాడు. తల్లి అతన్ని వెంటబెట్టుకుని గడి వదిలి వచ్చేసిందని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ తల్లి పేరు అందరికీ తెలుసు. తండ్రి ఎవరో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీలో చిన్నాయన ఒక దేశ్‌ముఖ్ పేరు రాయించాడు. "ఆమె గడిల పనిచేసింది గద బిడ్డా, దొర రక్తమే అయుంటది" అన్నాడు. ఆయనకున్న ఆధారమల్లా అదే.

ఇది ఒక్క మా ఇంటి విషయమే అయితే ఈ పత్రికలో రాయవలసిన పని లేదు. చిన్నాయన చేసిన పని మన సాహిత్యం ఎంతోకాలంగా చేస్తూనే ఉంది. గుడిసెలో పెరిగినవాడు గొప్పవాడైతే అతని పుట్టుక ఎక్కడో గొప్పింట్లోనే ఉండి తీరాలి. సూతుని ఇంట పెరిగిన కర్ణుడి పరాక్రమానికి సూర్యుడే కారణం కావాలి, రాధ పెంపకం చాలదు. ఇందులో నేనేమీ మినహాయింపు కాదు. ఇరవయ్యేళ్ల కింద రాసిన ఒక కథలో పాలేరు కొడుకు నిజానికి దొర కొడుకని చివర్లో తేల్చాను. దాన్నే మలుపు అనుకున్నాను. అది కూలివాడి నుంచి అతని ధైర్యాన్ని లాక్కుని దొర ఖాతాలో జమకట్టడమేనని అప్పుడు నాకు తోచలేదు.

పుట్టుక సందేహంలో పడినప్పుడు కాగితం ఎవరి పక్షాన నిలుస్తుందో చూద్దాం. హైదరాబాదు రాజ్యంలోనే పేరుపడ్డ ఉదాహరణ ఉంది. బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్‌కూ ఖైరున్నీసాకూ పుట్టిన ఇద్దరు పిల్లల కథ అది. 2002లో వెలువడిన 'వైట్ మొఘల్స్'లో విలియం డాల్‌రింపుల్ దాన్ని విస్తారంగా చెప్పాడు. 1805లో పిల్లల్ని ఇంగ్లండు పంపేశారు. 1806లో బాప్తిస్మం ఇప్పించి, నూరున్నీసాను కేథరిన్ అరోరాగా మార్చారు. తండ్రి 1805లోనూ తల్లి 1813లోనూ చనిపోయారు. నిఖా జరిగిందని తల్లి తరపువారు చెప్పినా, సక్రమ సంతానమా కాదా అన్న ప్రశ్న ఆ పిల్లల్ని వెన్నాడింది. అయినా 1840లలో నడివయసు కేథరిన్ హైదరాబాదులో ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాకు ఉత్తరాలు రాయగలిగింది. అమ్మమ్మ పారసీలో జవాబులు చెప్పించగలిగింది. ఆ ఉత్తరాలు నిలిచాయి గనుకే రెండు శతాబ్దాల తర్వాత పుస్తకం సాధ్యమైంది.

డాల్‌రింపుల్ శ్రమను తక్కువ చేయను. కానీ పాఠకులు ఒకటి గమనించాలి. ఆ పుస్తకంలో సందేహం తీరడానికి రచయిత ప్రతిభ ఎంత కారణమో, ఆ కుటుంబాలకున్న హోదా అంత కారణం. వీలునామా ఉన్నవాడికే వారసుడి ప్రశ్న ఉంటుంది. వతన్ తగాదా ఉన్న ఇంటివాడే వంశావళి దాఖలు చేస్తాడు. సాలార్‌జంగ్ కాలంలో 1865లో జిల్లాబందీ జరిగింది, రాజ్యంలో మొదటి జనాభా లెక్కలు 1881లో జరిగాయి. వాటిలో మా తాత తాత ఒక అంకె అయి ఉంటాడు, అంతే. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. తెలుగు, కన్నడం, మరాఠీ కలగలిసిన ఈ నేల మీద సర్కారు దఫ్తరు ముందు పారసీలో, తర్వాత ఉర్దూలో నడిచింది. ఇన్ని భాషల్లో ఏ ఒక్కదానికీ గడి పనిమనిషి కొడుక్కి తండ్రి ఎవరని అడిగే అవసరం పడలేదు.

ఆ అవసరం ఎందుకు పడలేదో చెప్పినవి వేరే పుస్తకాలు. దొరల ఇళ్లలో ఆడబాపల వ్యవస్థను, పెళ్లికూతురితో పాటు దాసీ పిల్లల్ని అత్తవారింటికి పంపడాన్ని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో నమోదు చేశారు. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలలో అదే బతుకును పాత్రలుగా నిలబెట్టారు. ఇవి చదివినవారికి "దొర రక్తం" అన్న మాటలో గర్వం వినిపించదు. కాదనే హక్కు లేని ఒక ఆడమనిషి కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. దొరే తండ్రి అయితే ఆ పేరు చెప్పకపోవడం అతన్ని కాపాడటం కాదా? న్యాయమైన ప్రశ్న. రుజువుంటే నేరంగా చెప్పవలసిందే. కానీ మా వంశవృక్షంలో ఆ పేరు నేరంగా రాలేదు, అలంకారంగా వచ్చింది. పైగా రుజువూ లేదు.

రుజువు లేనప్పుడు రచయిత ఏం చేయాలి? గయానాలో పుట్టిన గాయత్ర బహదూర్ 2013లో 'కూలీ వుమన్' రాసింది. ఆమె ముత్తవ్వ సుజారియా 1903లో గర్భంతో, భర్త తోడు లేకుండా కలకత్తాలో కూలీ ఓడ ఎక్కింది. ఎందుకు బయల్దేరిందో కాగితాలు చెప్పవు. బహదూర్ అక్కడ కల్పనతో జవాబు అతికించలేదు. ప్రశ్నల్ని ప్రశ్నలుగానే వరసపెట్టి, అలాంటి వేలమంది స్త్రీల స్థితిగతులతో ఆ ఖాళీ చుట్టూ వెలుగు పరిచింది. తండ్రి పేరు కనుక్కోవడం కన్నా, తల్లి ఏ పరిస్థితుల్లో ఏ నిర్ణయం చేసిందో అడగడం ముఖ్యమని ఆ పుస్తకం నాకు నేర్పింది.

అందుకే చిన్నాయనకు చెప్పాను: కరువు రోజుల్లో పిల్లవాడి చేయి పట్టుకుని గడి గడప దాటిన మనిషే మన మూలపురుషుడు. ఆమె పేరు పైన రాయిద్దాం. "మూలపురుషుడు అంటివి, ఆడమనిషి పేరు ఎట్ల రాస్తర్రా?" అన్నాడు. నా మాటలోని తప్పును ఆయనే పట్టిచ్చాడు. మన భాషలో ఆ స్థానానికి స్త్రీ రూపం వాడుకలో లేదు. చందాలిచ్చిన బంధువుల్లో సగంమంది దొర పేరే ఉండాలంటున్నారు. కాగితం ఇంకా అచ్చుకు పోలేదు. మా వాదన నడుస్తూనే ఉంది.