874 ఏళ్లయినా అరగని మాటలు

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ని మా బడి పిల్లలతో కలిసి చూశాం. బండ్లు, నీళ్లు లేని నేల, ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్ బాగానే నమ్మించాయి. మనుషులు నోరు తెరిచాకే తేడా కొట్టింది. 874 ఏళ్ల తర్వాత కూడా ఇవాళ్టి తెలుగే! అంతకు ఇంకో వందేళ్లు కలిపి వెనక్కి వెళ్తే నన్నయ కాలం. ఆయన పద్యం చెప్పాలంటే ప్రతిపదార్థం లేకుండా మాకే కుదరదు.

అక్కడ డబ్బును యూనిట్లు అంటారు. పూట గడవనివాడు కూడా ఆ మాటను నలగకుండా పలుకుతాడు. మా పెద్దల నోట్లో స్టేషన్ ఒక్క తరంలోనే టేసన్ అయింది. కాశీ పేరు నిలవడం మాత్రం నమ్మొచ్చు, పుణ్యక్షేత్రం పేరును జనం తేలిగ్గా వదలరు.

అసలు లోపం వేరే ఉంది. ఆ కథలో కాశీ లోకంలో మిగిలిన చివరి నగరం. అలాంటి చోట మాట ఎలా ఉంటుందో మా ఆదిలాబాద్ సంతలో వినాలి. తెలుగులో ధర అడిగి, పక్కనున్న వదినతో గోండిలో గొణిగి, మరాఠీలో తగ్గించమంటారు. కొలామి, లంబాడీ కూడా ఆ బేరంలోనే దొర్లుతాయి. ఆ కాశీలో మాకు ఈ గోల వినబడలేదు. “అప్పటికి గోండి మాట్లాడేవాళ్లు ఎవరూ ఉండరా సార్?” అని ఒక పిల్లవాడు అడిగాడు.

తెలుగు సినిమా తెలుగులో కాక ఎందులో మాట్లాడుతుంది అనొచ్చు. నిజమే. గట్కకు ఇంకో పేరు, తెలియని తిట్టు ఒకటి, అరిగిపోయిన యూనిట్ వినిపించినా మాకు చాలేది.