వాక్యార్థబోధము – చీనావాక్యము

వాక్యార్థబోధమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూఁడును సహకారికారణములని తార్కికులు నిర్ణయించిరి. "ఆవు, గుఱ్ఱము, మనుష్యుఁడు, ఏనుఁగు" అని పదములను వరుసగాఁ బలికినను ఆకాంక్ష లేమిచే నది వాక్యము కాదు. "నిప్పుతోఁ దడుపుచున్నాఁడు" అన్నచో ఆకాంక్ష కలదు, యోగ్యత లేదు. తర్కసంగ్రహము చదివినవారి కివి పరిచితములే. అయితే ఆకాంక్ష కుదిరిన పిమ్మటనే మనస్సు యోగ్యతను విచారించునా, లేక రెండును గూడియే ప్రవర్తించునా యను ప్రశ్న విచారణీయము.

నేఁటి పాశ్చాత్యులు ఈ ప్రశ్నను మెదడునందలి విద్యుత్తరంగములను గొలిచి పరీక్షించుచున్నారు. అర్థము పొసఁగని పదము కంటఁబడిన సుమారు 400 మిల్లీసెకనులకు ఒక ఋణతరంగము పొడసూపునని 1980లో కూటాస్, హిల్యార్డు అనువారు ప్రకటించిరి. 1999లో ఫ్రీడెరిచి మొదలగువారు జర్మనుభాషయందు వ్యాకరణదోషమును, అర్థదోషమును ఒకే పదమునఁ జేర్చి చూడఁగా ఆ తరంగము కానరాలేదు. వ్యాకరణము తలుపు తెఱచినఁగాని అర్థము లోనికి రాదను సిద్ధాంతము దీనిచే బలపడెను.

ఈ సిద్ధాంతమునకు చీనాభాష నికషము. అందు నామములకు విభక్తిప్రత్యయములు లేవు. క్రియకుఁ బురుషవచనభేదములు లేవు. "వో దా తా" యన్నచో నేను వానిఁ గొట్టుదును. "తా దా వో" యన్నచో వాఁడు నన్నుఁ గొట్టును. పదములు మాఱలేదు, స్థానములే మాఱినవి. ఏడవ శతాబ్దమున, ఏలూరునకు సమీపమునందలి వేంగిని దన గ్రంథమున వర్ణించిన హ్యూన్‌త్సాంగు, ఆంధ్రుల భాష మధ్యదేశపు భాషకంటె వేఱని గుర్తించెను. ఆయన శిష్యులు రచించిన జీవితచరిత్రయందు సంస్కృత విభక్తులును, భూధాతువు రూపములును చీనావారికి వివరింపఁబడినవి. విభక్తి యెఱుఁగని భాషవారికి అట్టి వివరణ మావశ్యకమే కదా! ఇట్టి భాషలో 2010లో ఝాంగ్, యూ, బోలండు అనువారు పరీక్షింపఁగా, పదజాతియే పొసఁగని చోటఁగూడ అర్థదోషమును దెలుపు తరంగము కనఁబడెను. చీనాపాఠకుని మనస్సున అర్థము వ్యాకరణపు టనుజ్ఞకై వేచియుండుట లేదని దీని తాత్పర్యము.

ఇది పరభాషావిశేషమని త్రోసివేయఁదగదు. జడవాచకములకు ద్వితీయార్థమునఁ బ్రథమ రావచ్చునని బాలవ్యాకరణమే యంగీకరించినది. "రైతు వరి కోసెను", "వరి రైతు కోసెను" అను రెంటను గర్త రైతే; కోయుట వరికిఁ బొసఁగదు. కొల్లేటి ప్రాంతమున "చేప తినలేదు" అను మాట చెఱువుగట్టున వినఁబడినచో చేప మేఁత ముట్టలేదని యర్థము. భోజనపంక్తిలో వినఁబడినచో భోక్త చేపను ముట్టలేదని యర్థము. చీనాభాషలోను "కోడి యిఁక తినదు" అను వాక్యమే "కోడిని ఇఁకఁ దినను" అనియుఁ జెల్లును. వ్యాకరణము రెండు దారులు చూపి నిలిచినది. ఒకదాని నెన్నుకొన్నవి యోగ్యతయుఁ బ్రకరణమును.

అట్లని వ్యాకరణము నిష్ప్రయోజన మనుట సాహసము. "కొంగ చేపను మ్రింగెను" అనుచోఁ బ్రత్యయము లేనిచో సంశయము కలుగును. చీనాభాషయందును కర్మమును గ్రియకు ముందు నిలుపునపుడు తఱచుగా దాని మొదట "బా" యను పదము నుంచుదురు. అది మన ద్వితీయకు సమీపమైన పని చేయును. మఱియు, ఇదియంతయు మన శాస్త్రములందు ముందే కలదని గర్వించుటయుఁ దగదు. శాస్త్రకారులు కారణములను లెక్కించిరి, కాలక్రమమును గొలువలేదు. ఆ కొలత నేఁటివారిది.

దీనిచే బోధనకుఁ గలుగు ప్రయోజన మొకటి కలదు. విద్యార్థిచే ముందుగా విభక్తులన్నియుఁ జెప్పించి, అర్థమును దుదకు విడుచు పద్ధతి మనస్సు నడకకు సరిపడదు. క్రియను బట్టి "ఎవఁడు? దేనిని? దేనిచేత?" అని ప్రశ్నించుచు సాగు ఖండాన్వయము ఆకాంక్షను, యోగ్యతను ఒకేసారి మేల్కొల్పును. పద్యము చెప్పు నుపాధ్యాయుఁడు దానిని విడువరాదు.